ఐర్లాండ్ పల్లె దారుల్లో ఫ్రెండ్‌తో కారు ప్రయాణం: వీసా నుంచి కారు తిరిగి అప్పగించేదాకా

ఐర్లాండ్‌లో సొంతంగా కారు నడుపుకుంటూ తిరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని రోజులు కావాలి, మన లైసెన్సు చెల్లుతుందా అని చాలామంది అడుగుతున్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక చిన్న కారు, సుమారు 8 రోజులు అన్న లెక్కతో ఇది రాస్తున్నాను. పిల్లలతో వెళ్ళేవాళ్ళకూ చాలావరకు పనికొస్తుంది.

మనకు కలిసొచ్చేది ఒకటుంది. అక్కడా రోడ్డుకు ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చే తెలుగువాళ్ళకే మొదటిరోజు కాస్త ఇబ్బంది. అయితే హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపాం కదా, ఇక్కడేముందిలే అనుకుంటే మాత్రం పొరపాటు. ఇక్కడ కష్టం ట్రాఫిక్‌తో కాదు, రోడ్డు వెడల్పుతో.

## 1. ముందు రోజువారీ దూరం తేల్చుకోండి

ఐర్లాండ్ మ్యాపులో చిన్నగా కనిపిస్తుంది. అందుకే చాలామంది వారం రోజుల్లో దేశం చుట్టేద్దామని ప్లాన్ వేస్తారు. పడమటి తీరం వెంబడి సాగే వైల్డ్ అట్లాంటిక్ వే ఒక్కటే దాదాపు 2,500 కిలోమీటర్లు. వారంలో అదంతా తిరిగితే గుర్తుండేది స్టీరింగ్ ఒక్కటే.

ముందుగా రోడ్ల పేర్లు అర్థం చేసుకోవాలి. నంబరుకు ముందున్న అక్షరమే రోడ్డు ఎలాంటిదో చెబుతుంది. పక్కన ఇచ్చినవి మామూలుగా వర్తించే గరిష్ఠ వేగాలు:

- ఎం: మోటార్‌వే, 120 కిలోమీటర్లు
- ఎన్: జాతీయ రహదారి, 100
- ఆర్: ప్రాంతీయ రోడ్డు, 80
- ఎల్: ఊళ్ళ మధ్య చిన్న రోడ్డు, 60 (2025 ఫిబ్రవరి 7 వరకు ఇది 80 ఉండేది, పాత గైడ్లలో ఇంకా అదే కనిపిస్తుంది)
- ఊళ్ళలో: సాధారణంగా 50, కొన్నిచోట్ల 30

ఇవి పరిమితులే, ఆ వేగంతో వెళ్ళి తీరాలని కాదు. ఆర్, ఎల్ రోడ్ల మీద ఆగుతూ సాగుతూ గంటకు 45, 50 కిలోమీటర్లు పడితే బాగా వెళ్ళినట్టే. మ్యాప్ యాప్ రెండు గంటలంటే రెండున్నర, తీరం వెంబడి అయితే మూడు అని రాసుకోండి.

నా లెక్క ఇది: మోటార్‌వే రోజును పక్కన పెడితే, రోజుకు 150 కిలోమీటర్లు దాటొద్దు. స్టీరింగ్ పట్టుకునే సమయం నాలుగు గంటలు మించొద్దు. ఈ రెండూ పాటిస్తే మిగతా టెన్షన్లు సగం తగ్గుతాయి.

నెల ఎంచుకునేటప్పుడు పగటి వెలుతురు చూడండి. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. నన్నడిగితే మే లేదా సెప్టెంబర్ మంచిది: వెలుతురుకు లోటుండదు, జూలై, ఆగస్టు రద్దీ ఉండదు.

## 2. వీసా, లైసెన్సు

ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంజెన్. అందులో ఐర్లాండ్ లేదు. షెంజెన్ వీసా ఉంది కదా, వెళ్ళొచ్చనుకుంటే విమానం ఎక్కేచోటే ఆపేస్తారు. ఐర్లాండ్‌కు విడిగా స్వల్పకాలిక సి వీసా తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, కాగితాలన్నీ జతచేసి వీసా కేంద్రంలో ఇవ్వాలి. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ గడువు తెరుచుకున్న వారంలోనే పెట్టేయండి. వేసవిలో ఆలస్యమైతే చేసేదేమీ ఉండదు.

ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, దానికి బ్రిటన్ వీసా కావాలి. సరిహద్దు దగ్గర గేటు ఉండదు, చెక్‌పోస్టు ఉండదు, కారు అటు వెళ్ళిపోయినా చాలాసేపటి దాకా తెలియదు. తెలియలేదంటే ఒప్పుకోరు. భారతీయులకు బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్ అని ఒకటుంది. వీసా మీద ఆ గుర్తు ఉంటే ఒకే వీసాతో రెండుచోట్లా తిరగొచ్చు, కానీ వీసా ఇచ్చిన దేశంలోనే ముందు అడుగుపెట్టాలి. మొదటి ట్రిప్పుకు ఉత్తరం జోలికి వెళ్ళకపోవడమే నయం. అక్కడ వేగం మైళ్ళలో, డబ్బు పౌండ్లలో, కారు కంపెనీకి విడిగా ఫీజు.

పర్యటనకు వచ్చినవాళ్ళు మన లైసెన్సుతో నడపొచ్చు. కానీ దానితోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకెళ్ళండి. పరివాహన్ సారథి సైటులో దరఖాస్తు పెట్టి మన ఆర్టీవో ఆఫీసు నుంచి తీసుకోవచ్చు, ఏడాది పాటు చెల్లుతుంది. అది ఒక్కటే చేతిలో ఉంటే చాలదు, అసలు లైసెన్సు కార్డు కూడా చూపించాలి. ఫోన్‌లోని డిజిలాకర్ కాపీని కౌంటర్‌లో ఒప్పుకుంటారని ఆశ పెట్టుకోవద్దు.

డబ్లిన్‌లో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉంటున్నవాళ్ళ సంగతి వేరు. స్థిరపడ్డవాళ్ళకు మన లైసెన్సును నేరుగా ఐరిష్ లైసెన్సుగా మార్చివ్వరు, లెర్నర్ పర్మిట్ తీసుకుని టెస్టు పాసవ్వాలి. లెర్నర్ పర్మిట్ మీద అద్దె కారు ఇవ్వరు.

## 3. ఫ్రెండ్‌తో బుకింగ్‌కు ముందే మాట్లాడుకోవాల్సినవి

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. డబ్బు గురించి మొహమాటపడి, నాలుగోరోజు నుంచి మొహాలు మాడ్చుకుంటారు. ఒక సాయంత్రం కూర్చుని ఇవి తేల్చుకోండి:

- ఎవరు నడుపుతారు? ఇద్దరూ నడిపితే మంచిది. రెండో డ్రైవర్ పేరు కూడా కాగితంలో ఉండాలి, దానికి రోజువారీ రుసుము ఉంటుంది. పేరు లేనివాళ్ళు పది నిమిషాలు నడిపినా, అప్పుడు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు.
- డిపాజిట్ ఎవరి కార్డు మీద? ప్రధాన డ్రైవర్ పేరున్న క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు. ఆ కార్డులో అంత లిమిట్ ఉండాలి, విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డు, డెబిట్ కార్డు చాలాచోట్ల కుదరవు.
- కారుకు గీత పడితే ఎవరు కట్టాలి? నడిపినవాళ్ళా, ఇద్దరూ సగం సగమా? నా సలహా సగం సగమే. లేకపోతే ఇరుకు రోడ్డు రాగానే ఇద్దరూ స్టీరింగ్ తప్పించుకోవడం మొదలుపెడతారు.
- ఒకరు మందు తాగేవాళ్ళయితే? ఆ సాయంత్రం ఇంకొకరు నడపాలి. రక్తంలో ఆల్కహాల్ పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. ‘ఒక్క పింటే కదా’ అన్న లెక్కలు వద్దు. రాత్రి బాగా తాగితే పొద్దున కూడా పట్టుబడొచ్చు.
- ఎవరికి ఏది ముఖ్యం? ఒక్కొక్కరు మూడు చోట్లు రాయండి. ఆ ఆరూ రూటులో ఉంటే చాలు, మిగతావి దారిలో తగిలితే చూడండి.

ఖర్చులకు ఉమ్మడి లెక్క ఒకటి పెట్టుకుని, ఏ రోజుది ఆ రోజు రాసేయండి.

## 4. కారు బుక్ చేసే పద్ధతి

చిన్న కారే తీసుకోండి. సామాను పడుతుందా అన్నదొక్కటే చూడండి, రెండు మధ్యరకం సూట్‌కేసులు పట్టే హ్యాచ్‌బ్యాక్ చాలు. ఉచితంగా పెద్ద కారు ఇస్తామన్నా వద్దనండి. పల్లె రోడ్డు మీద అది బహుమతి కాదు, శిక్ష.

ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. ధర ఎక్కువ, వేసవిలో దొరకడం కష్టం. మాన్యువల్ అలవాటున్నా, కొత్త దేశంలో ఎత్తుపల్లాల ఇరుకు దారుల మీద ఆటోమేటిక్‌కు పెట్టే డబ్బు దండగ కాదు. ఎలక్ట్రిక్ కారు అంటగడితే, బస చేసేచోట ఛార్జింగ్ ఉందో లేదో చూశాకే ఒప్పుకోండి.

ఇన్సూరెన్స్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బుకింగులో ఉండే మామూలు కవర్ ఉన్నా, నష్టం జరిగితే మొదటి వాటా మీరే కట్టాలి. దాన్నే ఎక్సెస్ అంటారు, అది సాధారణంగా వెయ్యి యూరోలు దాటుతుంది. దీనికి మూడు దారులున్నాయి:

1. కంపెనీ దగ్గరే పూర్తి కవర్ కొనడం. ఖరీదు ఎక్కువ, తలనొప్పి తక్కువ, డిపాజిట్ కూడా తగ్గుతుంది.
2. బయటి సంస్థ నుంచి ఎక్సెస్ ఇన్సూరెన్స్ కొనడం. చవక. కానీ డిపాజిట్ బ్లాక్ అవుతుంది, నష్టం జరిగితే ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.
3. క్రెడిట్ కార్డుతో వచ్చే కవర్‌ను నమ్ముకోవడం. చాలా కార్డులు ఐర్లాండ్‌ను ప్రత్యేకంగా మినహాయిస్తాయి. ఐర్లాండ్‌లో చెల్లుతుందని కార్డు సంస్థ నుంచి రాతపూర్వకంగా లేకపోతే వదిలేయండి.

ఏది తీసుకున్నా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం అందులో ఉన్నాయా అని చదవండి. పల్లె రోడ్ల మీద ముందు దెబ్బతినేవి అవే.

వయసు 25 లోపు ఉంటే అదనపు రుసుము పడొచ్చు, కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు. లైసెన్సు వచ్చి ఎన్నేళ్ళయిందన్న షరతు కూడా చూసుకోండి.

దిగిన రోజు కారు తీసుకోవద్దు. మన దగ్గర నుంచి విమానం మారి వచ్చేసరికి నిద్ర ఉండదు. వేసవిలో ఐర్లాండ్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర. ఆ రోజు బస్సులో డబ్లిన్ వెళ్ళి పడుకుని, మర్నాడు పొద్దున ఎయిర్‌పోర్టుకు వచ్చి కారు తీసుకోండి. డబ్లిన్ నగరంలో కారుతో పనిలేదు, పైగా పార్కింగ్ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

## 5. కారు చేతికొచ్చాక మొదటి అరగంట

ఇద్దరూ కౌంటర్‌కు వెళ్ళాలి, రెండో డ్రైవర్ లైసెన్సు కూడా చూస్తారు. తాళం ఇచ్చాక బయటికి దూసుకెళ్ళకుండా ఈ జాబితా పూర్తిచేయండి:

- కారు చుట్టూ ఆపకుండా వీడియో తీయాలి. నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ కింది అంచు, ముందు అద్దం, ఎడమ సైడ్ మిర్రర్ దగ్గరగా కనిపించాలి.
- కాగితంలో లేని గీత కనిపిస్తే వెంటనే రాయించాలి. ‘పర్వాలేదండీ, చిన్నదే’ అని నోటితో అంటే కుదరదు.
- పెట్రోలా డీజిలా? ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ ఫొటో తీయండి.
- స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమేనా?
- డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 మోటార్‌వే టోల్ మీరు కట్టాలా, కంపెనీ కట్టి కార్డు మీద వేస్తుందా?
- బ్రేక్‌డౌన్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.
- వైపర్లు, హెడ్‌లైట్లు, వెనక ఫాగ్ లైట్, రివర్స్ గేర్. ఆగి ఉన్నప్పుడే నేర్చుకోండి.

తర్వాత ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే రెండు చుట్లు తిప్పండి. ఎడమవైపు కారు ఎంత దూరం ఉందో అంచనా రావాలి.

ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. అక్కడ ప్రతి చిరునామాకూ ఎయిర్‌కోడ్ అని ఏడు అక్షరాంకెల కోడ్ ఉంటుంది, మ్యాపులో అది కొడితే నేరుగా ఆ ఇంటి ముందుకే తీసుకెళుతుంది. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి కాబట్టి బస చేసే ప్రతిచోటా ఎయిర్‌కోడ్ అడిగి రాసుకోండి.

## 6. నేను సూచించే రూటు

డబ్లిన్‌లో మొదలై అక్కడే ముగిసేది. పల్లె ఐర్లాండ్ చూడాలన్నవాళ్ళకు ఇది చాలు.

1వ రోజు: డబ్లిన్. నిద్ర.

2వ రోజు: ఎం4, ఎం6 మీదుగా గాల్వే, 210 కిలోమీటర్ల దాకా. మోటార్‌వే కాబట్టి చేతికి అలవాటు పడటానికి సరైన రోజు. దారిలో ఆథ్లోన్ దగ్గర పక్కకు తిరిగితే షానన్ నది ఒడ్డున క్లోన్‌మెక్‌నాయిస్ పాత మఠం.

3వ రోజు: కానమారా. గాల్వే, ఊటరార్డ్, క్లిఫ్‌డెన్, స్కై రోడ్, కైల్‌మోర్ అబీ, లీనాన్, తిరిగి గాల్వే. ఇది 150 దాటుతుంది, పొద్దున్నే బయలుదేరాలి. గొర్రెలకు కంచెలు లేని చోట్లు చాలా ఉన్నాయి. ఒంటి మీద నీలం, ఎరుపు రంగు పూసి ఉంటుంది, ఎవరివో గుర్తుపట్టడానికి. మలుపు తిరగ్గానే తారు రోడ్డు మీద తీరిగ్గా పడుకుని కనిపిస్తాయి. హారన్ కొట్టకుండా ఆగండి, లేచి పోతాయి.

4వ రోజు: బాలీవాన్ నుంచి ఆర్477 తీరం రోడ్డు మీద బ్లాక్ హెడ్, ఫనోర్, డూలిన్. ఎడమన బరెన్ సున్నపురాయి కొండలు, కుడిపక్కన సముద్రం. మోహెర్ కొండచరియలకు సాయంత్రం వెళ్ళండి, పగటిపూట టూరు బస్సులు నిండి ఉంటాయి. అక్కడి చరియలు 214 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి, అంచు దగ్గర ఫొటోల సరదా వద్దు. మూసిన కాలిబాట దాటి వెళ్ళొద్దు.

5వ రోజు: కిల్‌రష్ దాటి కిల్లిమర్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కి, షానన్ మీదుగా టార్‌బర్ట్‌లో దిగండి. సుమారు 20 నిమిషాలు. లిమరిక్ చుట్టూ తిరిగే వంద కిలోమీటర్లకు పైగా దూరం తప్పుతుంది. అక్కడి నుంచి ట్రలీ, డింగిల్.

6వ రోజు: స్లే హెడ్ డ్రైవ్. డింగిల్ నుంచి వెంట్రీ వైపు, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలోనే వెళ్ళాలి. బస్సులూ అటే వెళతాయి. ఎదురు దిశలో వెళితే కొండ అంచున బస్సుకు ఎదురుపడతారు. ఒకచోట రోడ్డుకు అడ్డంగా వాగు నీళ్ళు పారుతుంటాయి, మెల్లగా దాటండి. చుట్టూ తిరిగితే 50 కిలోమీటర్లు లేదు, కానీ సగం రోజు ఇవ్వాలి. మధ్యాహ్నం కానర్ పాస్ అనే కొండ కనుమ చూడాలంటే డింగిల్ వైపు నుంచి పైన పార్కింగ్ దాకా ఎక్కి, అదే దారిన దిగండి. అవతలివైపు రోడ్డు ఒక్క కారు పట్టేంతే, పక్కనే బండ.

7వ రోజు: ఇంచ్ బీచ్, కిలార్నీ, అక్కడి నుంచి లేడీస్ వ్యూ, మోల్స్ గ్యాప్ దాకా వెళ్ళి వెనక్కి. రింగ్ ఆఫ్ కెర్రీ 179 కిలోమీటర్లు మొత్తం తిరగాలని పట్టుబట్టొద్దు. ఈ ముక్క బాగుంటుంది, డింగిల్ చూసినవాళ్ళకు మిగతాది తప్పనిసరి కాదు. గ్యాప్ ఆఫ్ డన్‌లోలోకి కారు తీసుకెళ్ళొద్దు, అది నడిచేవాళ్ళు, గుర్రబ్బండ్ల దారి.

8వ రోజు: ఎం8 మీద రాక్ ఆఫ్ కాషెల్ (గుట్ట మీది పాత చర్చి కట్టడాలు) దగ్గర ఆగి, డబ్లిన్. 300 కిలోమీటర్లు దాటుతుంది. రాత్రి విమానం పెట్టుకోవద్దు, మర్నాటికి పెట్టుకోండి.

స్కెలిగ్ మైకల్ దీవి చూడాలంటే ఈ రూటులో ఇమడదు. పడవలు మే మధ్య నుంచి సెప్టెంబర్ దాకానే, సముద్రం ఒప్పుకుంటేనే వెళతాయి. దానికోసం కెర్రీలో రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి.

## 7. ఇరుకు రోడ్డు మీద నడపడం

ఈ ట్రిప్పులో నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. ఎల్ రోడ్డు అంటే రెండు కార్లు పట్టీ పట్టని దారి, రెండు వైపులా తలెత్తు పొదలు. ఆ పొదలు మెత్తగా కనిపిస్తాయి, చాలాచోట్ల లోపల రాతి గోడ ఉంటుంది. ఎదురుగా బండి రాగానే ఎవరైనా ఎడమకు జరుగుతారు, ఎడమ మిర్రర్ టకీమని మడుచుకుంటుంది, ఎడమ చక్రం రిమ్ము రాయికి రాసుకుంటుంది. కొత్తవాళ్ళ కార్లకు ఎడమవైపే గీతలు పడతాయంటే కారణం ఇదే.

పద్ధతి ఇలా:

1. కనిపించే దూరంలో సగంలోపే ఆగగలిగే వేగంతో వెళ్ళండి. ఎదుటివాళ్ళకూ మిగతా సగం కావాలి కదా. మలుపు దగ్గర 25, 30 అయినా తప్పులేదు.
2. దారి వెడల్పైన చోట్లను గుర్తుపెట్టుకుంటూ సాగండి. ఎదురుగా బండి వస్తే వెనక్కి ఎంత దూరం పోవాలో మీకు తెలిసి ఉండాలి.
3. ఖాళీ మీకు దగ్గర్లో ఉంటే మీరే ఆగండి. అది ఎడమవైపు ఉంటే అందులోకి ఒదగండి. కుడివైపు ఉంటే అటు దూరొద్దు, దానికి ఎదురుగా మీ వైపే ఆగితే ఎదుటివాళ్ళే అందులోంచి తప్పుకుని పోతారు.
4. ట్రాక్టరు, బస్సు వస్తే వెనక్కి వెళ్ళాల్సింది మీరే. పంతం వద్దు.
5. ఎదుటివాళ్ళు లైటు కొడితే అర్థం తిరగబడుతుంది. మన హైవే మీద లైటు కొట్టడమంటే ‘నేనొస్తున్నా, నువ్వాగు’. అక్కడ సాధారణంగా ‘నువ్వు రా, నేనాగాను’. అయినా దారి చూసుకునే కదలండి.
6. దారిచ్చినవాళ్ళకు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపండి, చాలు. ఊళ్ళో పరిచయం లేనివాళ్ళూ మీకు అలాగే చేస్తారు, తిరిగి చేయండి.
7. వెనక నాలుగు కార్లు చేరితే ఖాళీ చూసి పక్కకు తీసి వాళ్ళను పోనివ్వండి. వాళ్ళకు దారి తెలుసు, పనికి వెళుతున్నారు.

ఇక పక్క సీటు సంగతి. అక్కడ కూర్చున్నవాళ్ళు ప్రయాణికులు కారు, లారీ క్లీనర్ లాంటివాళ్ళు. ఎడమ అంచు వాళ్ళకే కనిపిస్తుంది. ‘చూసుకో, చూసుకో’ అని అరిస్తే డ్రైవర్‌కు భయం తప్ప ఏమీ అందదు. దూరం చెప్పాలి: ‘జానెడుంది’, ‘మూరెడుంది’, ‘ఆగు’. వెనక్కి తీయాల్సి వస్తే దిగి, డ్రైవర్‌కు కనిపించేచోట నిలబడి ‘రానీ, రానీ’ అనాలి. మలుపు చెప్పేటప్పుడు కూడా ‘ఇక్కడే, ఇక్కడే’ అనొద్దు. ‘రెండొందల మీటర్లలో ఎడమకు, చర్చి దాటాక’ అనాలి. ఫొటోలు, పాటలు మార్చడం వెడల్పు రోడ్డు వచ్చాక.

తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

*మ్యాప్ యాప్ దగ్గరిదారి పట్టించింది, మధ్యలో గడ్డి మొలిచిన బాటలోకి వచ్చారు.* ముందుకే పోవాలని పట్టుబట్టొద్దు. వెడల్పైన చోట తిప్పుకుని ఆర్ రోడ్డుకు వెళ్ళండి. పొద్దున రూటు పెట్టేటప్పుడే దారిలో ఉన్న ఊళ్ళను ఒక్కొక్కటిగా చేరిస్తే ఈ గొడవ తగ్గుతుంది.

*అందమైన చోటు కనిపించగానే రోడ్డు మీదే ఆపేశారు.* వెనక వచ్చేవాళ్ళకు మలుపులో మీరు కనిపించరు. దాటిపోయినా సరే, పార్కింగ్ చోటుకే వెళ్ళి వెనక్కి నడవండి. పొలం గేటు ముందు ఎప్పుడూ ఆపొద్దు, ట్రాక్టరు ఎప్పుడైనా వస్తుంది.

*గాలిలో తలుపు తీశారు.* తీరం దగ్గర గాలి వెనకనుంచి కొడితే తలుపు చేతిలోంచి లాగేసుకుని ముందుకు విరుచుకుపడుతుంది. కబ్జా వంగితే ఇన్సూరెన్స్‌లో రాకపోవచ్చు. కారును గాలికి ఎదురుగా ఆపండి, తలుపును రెండు చేతులతో పట్టుకుని తీయండి.

*బోర్డు ఐరిష్‌లో ఉంది, అర్థం కాలేదు.* కానమారా, డింగిల్ ప్రాంతాల్లో ఐరిష్ మాట్లాడే ఊళ్ళున్నాయి, అక్కడ కొన్ని బోర్డులు ఆ భాషలోనే ఉంటాయి. గుర్తు ఆకారం చూడండి, తలకిందుల త్రికోణమైతే దారివ్వమనే. టాయిలెట్ తలుపు మీద ఇంగ్లిష్ ఎఫ్‌తో మొదలైతే మగవాళ్ళది, ఎంతో మొదలైతే ఆడవాళ్ళది. సరిగ్గా తిరగేసి అనుకుంటాం, జాగ్రత్త.

## 8. మోటార్‌వే, రౌండబౌట్, టోల్, పెట్రోల్

మోటార్‌వే మీద ఎడమ లేనులోనే ఉండాలి, కుడి లేను దాటడానికి మాత్రమే. ఎడమనుంచి ఓవర్‌టేక్ చేయొద్దు.

రౌండబౌట్ నియమం మనదే: కుడినుంచి వచ్చేవాళ్ళకు దారివ్వాలి. తేడా ఏమిటంటే, అక్కడ నిజంగా ఇస్తారు. మెల్లగా దూరిపోదామని ముక్కు పెడితే ప్రమాదం.

డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 టోల్‌కు గేటు ఉండదు, కెమెరా నంబరు చదువుతుంది. మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లోనో, గుర్తింపు ఉన్న దుకాణాల్లోనో కట్టాలి. కంపెనీయే కట్టేస్తుందంటే మీరు మళ్ళీ కట్టొద్దు. మిగతా టోళ్ళకు గేట్లున్నాయి.

పెట్రోల్ మీరే పోసుకోవాలి. ఆకుపచ్చ నాజిల్ పెట్రోల్, నలుపు డీజిల్. చాలాచోట్ల పోసుకున్నాక లోపలికి వెళ్ళి పంపు నంబరు చెప్పి కట్టాలి. తప్పు ఇంధనం పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి. తీరం వైపు వెళ్ళేముందు సగం ట్యాంకు తగ్గకుండా చూసుకోండి. కార్డు మెషీన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే యూరోలే నొక్కండి, మారకపు రేటులో నష్టపోరు.

## 9. బస, తిండి, వాన

పల్లెల్లో బీ అండ్ బీలు మంచివి. ఇంటివాళ్ళే నడుపుతారు, పొద్దున టిఫిన్ అందులోనే. రాత్రి ఆలస్యమైతే ముందే ఫోన్ చేయడం మర్యాద, తలుపు తీయడానికి వాళ్ళు మేలుకుని ఉంటారు. వరసగా రెండు రాత్రులు ఒకేచోట ఉండేలా చూసుకుంటే పెట్టె సర్దే పని సగమవుతుంది. పై రూటులో గాల్వే, డింగిల్ అలాంటివి.

పల్లె పబ్బుల్లో వంట తొమ్మిదికే కట్టేస్తారు, కొన్నిచోట్ల ఇంకా ముందే. ఏడున్నరకల్లా కూర్చోండి. శాకాహారులకు కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. మూడోరోజుకు నాలుక కారం అడుగుతుంది. పచ్చడి సీసా, పొడి డబ్బా డబ్లిన్‌లోని ఇండియన్ దుకాణంలో కొని కారులో పడేసుకోండి.

గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. తలమీద టోపీ ఉన్న వాన జాకెట్టు, నీళ్ళు పీల్చని బూట్లు, రెండో జత సాక్సులు తెచ్చుకోండి. ప్లగ్గులు బ్రిటన్ తరహా మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ కావాలి.

పొద్దున్నే ఐరిష్ వాతావరణ శాఖ మెట్ ఎయిరన్ ఇచ్చే హెచ్చరిక చూడండి. పసుపైతే జాగ్రత్త. నారింజ అయితే తీరం రోడ్లు మానేసి ఊళ్ళోనే ఉండండి. ఎరుపైతే బయటికే రావొద్దు.

## 10. ఏదైనా తేడా వస్తే

- అత్యవసరమైతే 112 లేదా 999. పోలీసులను గార్డా అంటారు.
- ఢీకొంటే: ఆగండి, ఫొటోలు తీయండి, ఎదుటివాళ్ళ వివరాలు తీసుకోండి, కంపెనీకి అదే రోజు చెప్పండి. ఎవరికైనా దెబ్బ తగిలితే గార్డాకు ఫోన్ తప్పనిసరి.
- మోటార్‌వే మీద ఆగిపోతే: ఎడమ అంచుకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, ఎడమ తలుపులోంచి దిగి, రెయిలింగ్ అవతల నిలబడండి.
- వ్యూ పాయింట్ల దగ్గర బ్యాగులు సీటు మీద కనిపించేలా వదలొద్దు. అక్కడికి చేరాక డిక్కీ తెరిచి సర్దడం కూడా వద్దు, బయలుదేరేముందే సర్దేయండి.

## 11. కారు తిరిగి ఇచ్చే రోజు

ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ట్యాంకు నింపి, రసీదు ఉంచుకోండి. బురద ఎక్కువుంటే ఒకసారి కడిగించండి, మురికి కింద గీత దాగిందన్న అనుమానం రాకుండా. ఆఫీసు మూసి ఉన్న వేళ తాళం డబ్బాలో వేసి పోవడం కంటే, మనిషి ఉన్నప్పుడు వెళ్ళి ‘ఏమీ లేదు’ అని కాగితం మీద రాయించుకోవడం మేలు. మళ్ళీ చుట్టూ వీడియో, మీటరు, ఇంధనం ముల్లు ఫొటో. డిపాజిట్ బ్లాక్ తీసేయడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ఆ వీడియోలు ఫోన్‌లోంచి చెరపొద్దు. చివరిరోజు ఎం50 మీద వచ్చి, టోల్ మీరే కట్టాల్సి ఉంటే, విమానం ఎక్కేముందే కట్టేయండి. ఊరు చేరాక చూద్దాంలే అనుకుంటే మర్నాటి రాత్రి 8 గంటలు గాల్లోనే దాటిపోతాయి.